బంతి కంటే ముందు చిర్ర

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, పాలకుర్తి)

ఆటలకు కూడా చరిత్ర వుంటుందా అని కొందరు మిత్రులు అడగవచ్చు. రాజులకు, యుద్ధాలకు, సంధిపత్రాలకు చరిత్ర వున్నప్పుడు, ఆ రాజుల కాలంలోనే పశువులు కాచిన పిల్లలు పొద్దుగూకేదాకా ఏమి ఆడారన్నదానికి చరిత్ర లేకుండా ఎట్లా పోతుంది? వుంటుంది. కాకపోతే రాసినవాళ్ళు తక్కువ. ఆడినవాళ్ళకు రాత రాదు. రాత వచ్చినవాళ్ళకు ఆ ఆటతో పనిలేదు.

మన సావనీర్లలో క్రికెట్ మీద వ్యాసాలు వస్తూనే వుంటాయి. నేను క్రికెట్‌కూ, అమెరికావాళ్ళ బేస్‌బాల్‌కూ తాత వరుస అవుతుందని చాలామంది చెప్పుకునే మన చిర్రగోనె గురించి రాయదలిచాను. ఆ చుట్టరికంలో నిజమెంత, మన గొప్పకోసం మనం కల్పించుకున్నది ఎంత అన్నది విచారించడమే నా ఉద్దేశ్యం.

మా పాలకుర్తి దిక్కు చిర్ర అంటే చిన్న కట్టెముక్క, గోనె అంటే కొట్టే కట్టె. (వడ్లు నింపే గోనె కాదు!) కోస్తా జిల్లాల మిత్రులు దీన్నే బిళ్ళంగోడు, గూటీబిళ్ళ, కర్రాబిళ్ళ అంటారు. హైదరాబాదులో గిల్లీదండా. మరాఠీవాళ్ళకు విటీదాండు, కన్నడిగులకు చిన్నిదాండు, తమిళులకు కిట్టిపుళ్, మలయాళీలకు కుట్టియుం కోలుం. నేపాల్‌లో దండీబియో, 2017లో వాలీబాల్‌ను జాతీయ క్రీడగా ప్రకటించేవరకు అక్కడి జనం దీన్నే తమ జాతీయ క్రీడగా చెప్పుకునేవారు. ఇరాన్‌లో అలక్‌దోలక్, ఇటలీలో లిప్పా, ఫిలిప్పీన్స్‌లో స్యాటోంగ్. ఇంగ్లండులో టిప్‌క్యాట్. అక్కడ పిల్లి అంటే చిర్రే!

ఆడని వాళ్ళకోసం ఆట విధానం కొంచెం చెప్పాలి. చిర్ర బెత్తెడుకు కొంచెం ఎక్కువ పొడవుంటుంది, రెండు కొసలూ చెక్కి వుంటాయి. గోనె మూరకు పైన. తుమ్మకట్టె అయితే బరువుగా వుండి దెబ్బకు ఆగుతుంది. నేలలో చిన్న గుంత తీసి, దానిమీద చిర్రను అడ్డంగా పెట్టి, గోనె కొసను కింద దూర్చి ఎగజిమ్ముతారు. ఎదుటి పక్షంవాళ్ళు గాలిలో పట్టుకుంటే ఔట్. పట్టుకోలేకపోతే కొట్టినవాడు గుంతమీద గోనెను అడ్డం పెడతాడు. వాళ్ళు చిర్ర పడ్డచోటినుంచి విసిరి గోనెను తాకించాలి. తాకితే ఔట్. తాకకపోతే అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. చిర్ర కొసమీద గోనెతో టక్కున కొడితే అది పైకి లేస్తుంది, లేచినదాన్ని గాలిలోనే మళ్ళీ కొట్టాలి. మూడు అవకాశాలు. ఎంత దూరం పోతే అన్ని గోనెలు లెక్క.

ఆ లెక్క దగ్గరే తగాదా. కొట్టినవాడు కంటితో చూసి "ఎనభై గోనెలు" అని అడుగుతాడు. ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే ఎనభై వాడి ఖాతాలో పడుతుంది. ఒప్పుకోకపోతే "కొలువు మరి" అంటారు. కొలిస్తే డెబ్భై తొమ్మిదే వచ్చిందనుకోండి, ఎనభై అడిగినవాడు ఔట్. అందుకని తెలివైనవాడు డెబ్భై అని కొంచెం తగ్గించే అడుగుతాడు. మన ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకుని దోషాల శాతం లెక్కకట్టే మనకంటే, కంటిచూపుతో పొరపాటు ఎంత రావచ్చో ఆ పశువుల కాపరి పిల్లలకు బాగా తెలుసు.

ఈ నియమాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దీనితో తరువాత పని వుంది.

ఇక చరిత్ర. మన దేశంలో ఈ ఆటకు పాత సాక్ష్యం అడిగితే చాలామంది మహాభారతాన్ని చూపుతారు. ఆదిపర్వంలో కురుబాలురు ఊరి బయట ఆడుకుంటూ వుండగా వాళ్ళ ఆటవస్తువు బావిలో పడడం, ద్రోణుడు గడ్డిపరకలను ఒకదానికొకటి గుచ్చి దాన్ని పైకి తీయడం మనమంతా విన్నదే. మనం విన్న కథలో అది బంతి. సంస్కృత మూలంలోని మాట మాత్రం "వీటా". 17వ శతాబ్దంలో భారతానికి వ్యాఖ్య రాసిన నీలకంఠుడు వీటా అంటే యవగింజ ఆకారంలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేంత పొడవున్న కట్టెముక్క అనీ, పిల్లలు దాన్ని మూరెడు కర్రతో కొడతారనీ అర్థం చెప్పాడు. అంటే సాక్షాత్తూ చిర్రగోనె. ధర్మరాజు, భీముడు, అర్జునుడు చిర్ర పోగొట్టుకుని బావిలోకి తొంగిచూశారన్నమాట!

సంతోషించవలసిన విషయమే గాని, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నీలకంఠుడు కాశీలో స్థిరపడినా గోదావరి ఒడ్డున మహారాష్ట్ర ప్రాంతం నుంచి వెళ్ళినవాడు. అక్కడ ఈ ఆట పేరు విటీదాండు. వీటా అన్న పాతమాట చూడగానే తన చిన్ననాటి విటీ ఆయనకు గుర్తు రావడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆయన వ్యాఖ్య 17వ శతాబ్దంలో ఈ ఆట వున్నదనడానికి గట్టి సాక్ష్యం. భారతకాలంలో వున్నదనడానికి అంత గట్టి సాక్ష్యం కాదు. పేరు కలవడం ఒక సూచన మాత్రమే.

మా ఊరి విషయానికొస్తే, పాల్కురికి సోమనాథుడు పుట్టిన ఊరు మాది. ఆయన దేశి ఛందస్సైన ద్విపదలో బసవపురాణం, పండితారాధ్య చరిత్ర రాశాడు. పండితులు మెచ్చే విషయాలతోపాటు మామూలు జనం పాటలు, ఆటలు, వేషాలు, జాతర వినోదాలు ఆయన కావ్యాలలో ఎక్కినంతగా ఆ రోజుల్లో మరెవరి కావ్యాల్లోనూ ఎక్కలేదు. అందుకే సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయులనాటి జనజీవనం చెప్పవలసి వచ్చినప్పుడు సోమనాథుణ్ణి ఆశ్రయించారు. పక్కనే బమ్మెర. పోతన దశమస్కంధంలో ఆడిపాడే గొల్లపిల్లలు, వాళ్ళ చల్దిమూటలు మా దిక్కు పశువుల కాపరులకు ఎంత దగ్గరగా వుంటారో చదివినవాళ్ళకు తెలుసు. జనం ఆడే ఆట కావ్యానికి తగదు అనుకోని కవులు మనకు వుండబట్టి ఈ కొంచెమైనా మిగిలింది.

ఇప్పుడు సముద్రం దాటుదాం. 1889లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో కాహూన్ అనే పాత ఊరిని తవ్వాడు. రెండవ సెనుస్రెట్ పిరమిడ్ దగ్గర పనివాళ్ళకోసం సుమారు క్రీ.పూ. 1900 ప్రాంతంలో కట్టిన ఊరు అది. రాజుల సమాధులలో బంగారం దొరికితే, ఈ కూలివాళ్ళ ఇళ్ళలో బొంగరాలు, తోలు బంతులు, రెండు కొసలూ చెక్కిన చిన్న కట్టెముక్కలు దొరికాయి. పెట్రీ వాటికి తన దేశపు పేరే పెట్టాడు: టిప్‌క్యాట్. ఆ తరువాతి కాలపు ఫారో మూడవ థుట్మోస్ కర్రతో బంతిని కొడుతున్న శిల్పం డెయిర్ ఎల్ బహరీ గుడిలో వుంది. కాని అది రాజు దేవత ముందు చేసే క్రతువు. నాకు కూలిపిల్లల కట్టెముక్కలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

ఇంగ్లండులో సాక్ష్యాలు రాతపూర్వకంగా దొరుకుతాయి. యాత్రికుని ప్రయాణం రాసిన జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసేవాడి కొడుకు. 1666లో అచ్చయిన ఆత్మకథలో, ఒక ఆదివారం తాను ఈ ఆట ఆడుతూ గుంతలోనుంచి చిర్రను ఒకదెబ్బ కొట్టి, రెండోదెబ్బ కొట్టబోతుండగా ఆకాశవాణి వినబడి చెయ్యి ఆగిపోయిందని చెప్పుకున్నాడు. గుంత, మొదటి దెబ్బ, రెండో దెబ్బ! భక్తులు ఆ పుటలో ఆకాశవాణిని చూస్తారు. నాకు గుంతే కనబడింది.

అంతకంటే విలువైన పుస్తకం 1801లో జోసెఫ్ స్ట్రట్ ఇంగ్లీషు ప్రజల ఆటపాటలమీద రాసినది. అందులో చిర్ర కొలతలు ఇచ్చాడు. పొడవు ఆరంగుళాలు, మధ్యలో లావు ఒకటిన్నర నుంచి రెండంగుళాలు, రెండు కొసలకూ సన్నబడుతూ పోవాలి. కొట్టినవాడు ఇన్ని అని అడగాలట, అనుమానమొస్తే కొట్టిన కర్రతోనే కొలవాలట, అడిగినదానికి తక్కువ వస్తే వాడు ఔటట. నేను గుర్తుపెట్టుకోమన్న నియమం ఇదే. పాలకుర్తిలో తుమ్మచెట్ల కింద "కొలువు మరి" అన్న మాట ఇంగ్లండు పచ్చికలో కూడా వినిపించింది.

స్ట్రట్ ఇంకో పద్ధతి కూడా చెప్పాడు. అది బేస్‌బాల్ చరిత్రకు అసలైన ముడి. నేలలో నాలుగో, ఆరో, ఎనిమిదో గుంతలు గుండ్రంగా సమదూరంలో తీస్తారు. ఒక్కో గుంత దగ్గర కర్రతో ఒక్కొక్కడు. ఎదుటి పక్షంవాడు చిర్రను విసురుతాడు. కొట్టగానే అందరూ ఒక గుంతనుంచి పక్క గుంతకు పరుగెత్తాలి. గుంత మారినప్పుడల్లా ఒక లెక్క. ఇద్దరు గుంతల మధ్య వుండగా చిర్ర వాళ్ళ దారికి అడ్డంగా విసిరివేయబడితే, గుంత చేరనివాడు ఔట్. గుంతల స్థానంలో గుర్తులు, చిర్ర స్థానంలో బంతి పెట్టి చూడండి. బేస్‌బాల్ మైదానం కళ్ళముందు నిలబడుతుంది. అమెరికాలో పిల్లలు బంతితో ఆడిన ఒక పాత ఆటకు "వన్ ఓల్డ్ క్యాట్" అని పేరు. బంతి వచ్చినా పిల్లి పేరు పోలేదు.

అంతమాత్రాన బేస్‌బాల్ మొత్తం చిర్రనుంచే పుట్టిందనలేము. బంతితో ఆడే స్టూల్‌బాల్, ట్రాప్‌బాల్ వంటివి ఇంగ్లండులో అప్పటికే వున్నాయి. 1744లో లండన్‌లో జాన్ న్యూబరీ అచ్చువేసిన పిల్లల పుస్తకంలో క్రికెట్, స్టూల్‌బాల్, బేస్‌బాల్ మూడూ పక్కపక్కనే వున్నాయి. 1791లో అమెరికాలోని పిట్స్‌ఫీల్డ్ పట్టణం సభామందిరం కిటికీల అద్దాలు పగలకుండా, దానికి 80 గజాలలోపు బేస్‌బాల్, క్రికెట్ వగైరా ఆడరాదని శాసనం చేసింది. 1796లో గుట్స్‌మూత్స్ అనే జర్మన్ వ్యాయామ ఉపాధ్యాయుడు "ఇంగ్లీషు బేస్‌బాల్" నియమాలు అచ్చు వేశాడు. 1828లో ఇంగ్లీషు పుస్తకంలో రౌండర్స్. 1845లో న్యూయార్కులోని నికర్‌బాకర్ క్లబ్బు తన నియమాలు రాసుకుంది. ఆధునిక బేస్‌బాల్ అక్కడినుంచి లెక్క.

అయితే అమెరికావాళ్ళు ఈ వంశవృక్షాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ కథ విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది. ఇంగ్లండులో పుట్టిన హెన్రీ చాడ్విక్ అనే పాత్రికేయుడు బేస్‌బాల్ రౌండర్స్‌నుంచి వచ్చిందన్నాడు. ఆటసామాన్ల వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కు ఆ మాట గిట్టలేదు. జాతీయ క్రీడ పరాయిదేశంలో పుట్టడమా? 1905లో ఒక విచారణ సంఘం ఏర్పడింది. అబ్నర్ గ్రేవ్స్ అనే డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దమనిషి, తన చిన్నప్పుడు కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే ఈ ఆట కనిపెట్టాడని జాబు రాశాడు. సంఘానికి అది చాలింది. 1839లో డబుల్‌డే కనిపెట్టాడని 1907 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆ ఏడు డబుల్‌డే వెస్ట్‌పాయింట్ సైనిక పాఠశాలలో విద్యార్థి. తరువాత పేరున్న సైనికాధికారి అయి, 1893లో చనిపోయేవరకు తాను ఏ ఆటా కనిపెట్టానని చెప్పుకోలేదు. అయినా 1939లో కూపర్స్‌టౌన్‌లో ప్రదర్శనశాల తెరిచారు. 1947లో రాబర్ట్ హెండర్సన్, 2005లో డేవిడ్ బ్లాక్ తమ పుస్తకాలలో ఆ కట్టుకథను విప్పి చూపారు.

వాళ్ళను చూసి నవ్వే ముందు మన ఇంట్లోకి చూసుకోవాలి. "క్రికెట్ మన గిల్లీదండానుంచే పుట్టింది, తెల్లవాళ్ళు పట్టుకుపోయారు" అని మనలో ఎంతమంది అనరు? 1598 నాటి గిల్డ్‌ఫోర్డ్ కోర్టు కాగితాలలో ఒక సాక్షి తాను బడిపిల్లవాడిగా వున్నప్పుడు, అంటే సుమారు 1550లో, అక్కడ క్రికెట్ ఆడామని చెప్పాడు. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో. ఇక ఎవరు ఎక్కడినుంచి పట్టుకుపోయారు? కర్ర, ముక్క, గుంత, ఈ మూడూ లేని దేశం లేదు. ఒకే ఆట అనేకచోట్ల వేరువేరుగా పుట్టి వుండవచ్చు. కొన్నిచోట్ల ఒకరినుంచి ఒకరికి పాకి వుండవచ్చు. ఏది ఎక్కడ జరిగిందో చెప్పాలంటే పోలిక ఒక్కటే చాలదు. ఊరికే తట్టని, నేర్చుకుంటే తప్ప రాని గుర్తు ఏదో ఒకటి దొరకాలి.

అటువంటి గుర్తు ఒకటి దొరికింది. దీనికోసమే ఈ వ్యాసం రాశానన్నా తప్పులేదు. మరాఠీ పిల్లలు విటీదాండు ఆడేటప్పుడు మామూలు ఏక్, దోన్, తీన్ అనరు. "వకట్, లేండ్, ముండ్, నాల్" అంటారు. వాళ్ళ భాషలో ఆ మాటలకు ఆట బయట అర్థమే లేదు. మనం వింటే మాత్రం? ఒకటి, రెండు, మూడు, నాలుగు! నాల్ కన్నడంనుంచి కూడా రావచ్చు అనుకుందాం. కాని కన్నడంలో ఒకటి "ఒందు", రెండు "ఎరడు". తమిళంలో ఒకటి "ఒన్ఱు". "వకట్" అనడానికి తెలుగు తప్ప వేరే దారి లేదు. మన పాత రాతల్లో "వకటి" అనే రాసేవారు కూడా. ఇంక "ముండ్" సంగతి మరీ అందమైనది. మూడు అన్న మాటను నిఘంటువుల్లో అరసున్నతో "మూఁడు" అని రాస్తారు. ఎందుకీ అరసున్న అని పదో తరగతిలో విసుక్కోనివాడు వుండడు. ఒకప్పుడు అక్కడ పలికిన నిండు "న్"కారానికి అది ఆనవాలు. మన నోటిలోనుంచి జారిపోయిన ఆ ధ్వని మహారాష్ట్ర పిల్లల ఆటలో భద్రంగా వుంది.

ఇది ఎప్పుడు, ఎవరి వెంట వెళ్ళిందో నేను కల్పించి చెప్పను. మరాఠ్వాడా, తెలంగాణ 1956దాకా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో వున్నాయి. అంతకుముందు శతాబ్దాలుగా గోదావరి వెంట జనం, పశువులు, సరుకులు అటూ ఇటూ తిరుగుతూనే వున్నారు. అంకెలు నేర్పినవాడు పండితుడు కాడు, ఆట నేర్పిన పిల్లవాడు. ఇంతమాత్రం గట్టిగా చెప్పవచ్చు.

భౌతికశాస్త్రం చదివే మిత్రులకు రెండు మాటలు. చిర్ర కొసలు చెక్కడం అందానికి కాదు. చెక్కినందువల్ల కొస నేలకు తాకకుండా పైకి వుంటుంది. దానిమీద కొట్టినప్పుడు చిర్ర నడుమ నేలకు ఆనిన చోటు ఆధారంగా తిరుగుతుంది, రెండో కొస లేస్తుంది, ఆ ఊపుతో మొత్తం గాలిలోకి లేచి గిర్రున తిరుగుతుంది. గోనె ఏకరీతి లావున్న కడ్డీ అనుకుంటే, చేతినుంచి పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర చిర్ర తగిలితే చెయ్యి జివ్వుమనదు. 24 అంగుళాల గోనెకు 16 అంగుళాల దగ్గర, అంటే కొసకు దాదాపు జానెడు కింద. మా తాత "కొసకు జానెడు ఇవతల కొట్టాలె" అని ఏ సూత్రం లేకుండానే చెప్పాడు. అదే వేగంతో గిర్రున తిరిగివచ్చే ఆ మొన కంటికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మన దేశపు కంటివైద్యుల నివేదికలలో పిల్లల కంటిగాయాల కారణాలలో గిల్లీదండా పేరు వుంటుంది. మా వాడలో ఒక పెద్దమనిషి ఎడమకన్ను అట్లా పోయినదే. ఆటను పొగిడేవాళ్ళు ఈ మాట దాచకూడదు.

ఇంతకీ ఈ ఆట ఎవరిది? మా తాత పదేళ్ళ వయసులో ఒక మోతుబరి ఇంట్లో జీతం వున్నాడు. పొద్దున బర్లను తోలుకుపోతే మాపటికి రావాలి. బడి లేదు. చేతిలో పశువులను అదిలించే కర్ర ఎట్లాగూ వుంటుంది, దాన్నుంచి ఒక ముక్క కోస్తే చిర్ర. పైసా ఖర్చు లేదు. చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంటకోసం విసునూరు దేశముఖును ఎదిరించిన ఊరిలో, పిల్లలకు ఆడుకునే నేల వుండేది గాని దున్నుకునే నేల వుండేది కాదు. ఆడపిల్లలకైతే ఆ ఆట కూడా లేదు. వాళ్ళకు అచ్చనగండ్లు, ఇంటిపని. నేను కాగితం పెట్టుకుని అడుగుతుంటే తాత నవ్వి, "గీ చిర్రగోనె మీద గూడ పుస్తకంల రాస్తరా బిడ్డా?" అన్నాడు. తరువాత రెండు గంటలు చెప్పాడు.

ఇప్పుడు మా ఊళ్ళో చిర్రగోనె ఆడే పిల్లలు లేరు. క్రికెట్ మింగిందని అందరూ అంటారు, అది సగమే నిజం. వెనుక వానకాలం పంట కోయగానే చేన్లు ఎండి మైదానాలయ్యేవి, నాలుగు నెలలు ఎక్కడంటే అక్కడ ఆడేవారు. బోర్లు, దేవాదుల నీళ్ళు వచ్చాక యాసంగి వరి వేస్తున్నాం. ఆ వరితోనే నా ఫీజు కట్టారు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ట్రాక్టర్లు వచ్చాక పశువులు తగ్గాయి, పశువుల వెంట పోయే పిల్లలు బడికి పోతున్నారు. అది మంచిదే. ఎనభై గోనెల దూరం ఖాళీ నేల మాత్రం లేదు. మిగిలిన బడి ఆవరణలో టెన్నిస్ బంతితో క్రికెట్. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు క్రికెట్‌ను, బేస్‌బాల్‌ను రెండింటినీ చేర్చింది. 1744 నాటి పిల్లల పుస్తకంలో పక్కపక్కన వున్నవి మళ్ళీ పక్కపక్కకు వస్తున్నాయి.

మా తాత లెక్కలో గాలిలో కొట్టడానికి మూడు అవకాశాలు. మా అమ్మమ్మ ఊరి ముసలాయన రెండే అన్నాడు. ఇద్దరినీ కూర్చోబెడితే తగాదా పడ్డారు. రెండూ రాసుకున్నాను. ఈ సావనీరు పల్లెలనుంచి వచ్చిన పూర్వ విద్యార్థుల చేతికి కూడా పోతుంది కాబట్టి వారికి ఒక మనవి. మీ ఊరిలో చిర్రను ఏమనేవారు, గోనెను ఏమనేవారు, అవకాశాలు ఎన్ని, లెక్కపెట్టేటప్పుడు ఒకటి, రెండు అని మామూలుగానే అనేవారా, లేక వేరే మాటలున్నాయా? ముఖ్యంగా ఆదిలాబాదు, నిజామాబాదు సరిహద్దు ఊళ్ళవారు ఆ మాటలను పలికినది పలికినట్టే రాసి, ఊరి పేరుతో మా విద్యార్థి సంఘం కార్యాలయానికి పంపగలరు.